పురాతన సైన్యానికి రంగులు వేయాలంటే: ఏ సైజు, ఏ పద్ధతి, ఏ సైన్యం?

మా బీరువా పై అరలో ఒక అట్టపెట్టె ఉంది. అందులో 28 మిల్లీమీటర్ల ఎత్తున్న రోమన్ సైనికుల బొమ్మలు ఎనభై నాలుగు. ఇరవై మందికి రంగులు పూర్తయ్యాయి. పదకొండు మందికి ఒళ్ళు, చొక్కాలు అయ్యాయి, డాళ్ళు కాలేదు. మిగతావాళ్ళు రంగుల కింద వేసే తొలి పూత, అంటే నల్ల ప్రైమర్‌తోనే ఆగిపోయారు. ఆ పెట్టె మూత తీసి నాలుగేళ్ళయింది. దాని తర్వాత 15 మిల్లీమీటర్లలో మొదలుపెట్టిన, రోమ్‌కి పాత శత్రువైన కార్తేజ్ సైన్యం మాత్రం రెండు నెలల ఆదివారాల్లో పూర్తయి బల్ల మీదికి వచ్చేసింది. చెయ్యి అదే, కుంచెలు అవే. మొదట్లో తీసుకున్న నిర్ణయాలే వేరు.

హిస్టారికల్ వార్‌గేమింగ్ కొత్తవాళ్ళకి ఒక్క ముక్కలో చెప్పాలంటే, పాత యుద్ధాలను బల్ల మీద చిన్న బొమ్మలతో, పాచికలతో, కొలబద్దతో మళ్ళీ ఆడటం. కార్తేజ్ సేనాని హానిబాల్ రోమన్లని ఓడించిన కానే, అలెగ్జాండర్ పర్షియన్లని ఓడించిన గౌగమేలా, జీలం ఒడ్డున పురుషోత్తముడు అలెగ్జాండర్‌ని ఎదుర్కొన్న యుద్ధం, ఏదైనా సరే. బొమ్మలు రంగుల్లేకుండా ముడి లోహంగానో, బూడిద రంగు ప్లాస్టిక్‌గానో వస్తాయి. రంగులు మనమే వేసుకోవాలి. ఈ పనిలో దిగేవాళ్ళు మామూలుగా ముందు సైన్యాన్ని ఎంచుకుంటారు, తర్వాత సైజు, చివర్న రంగు వేసే పద్ధతి. నన్నడిగితే సైజు ముందు తేల్చుకోవాలి, తర్వాత పద్ధతి, ఆ తర్వాతే సైన్యం. ఎందుకంటే ఇక్కడ అసలు లెక్క బొమ్మ ఖరీదు కాదు, బొమ్మకి పట్టే నిమిషాలు.

సైజు

6 మిల్లీమీటర్ల సైనికుడు సన్నబియ్యం గింజంత ఉంటాడు. 15 అయితే చిటికెన వేలి గోరు కంటే కాస్త ఎత్తు. 28 అంటే బొటనవేలి మొదటి కణుపంత. 10, 12 కూడా ఉన్నాయి గానీ వాటి పని తీరు 15కి దగ్గరగానే ఉంటుంది కాబట్టి విడిగా చెప్పను.

నా లెక్క ఇది. 28లో చొక్కాకి మూడు ఛాయలు, ముఖానికి మూడు, బెల్టు, చెప్పుల పట్టీలు, డాలు మీద బొమ్మ అన్నీ వేస్తే ఒక్కో మనిషికి యాభై నిమిషాలు. పెద్ద యుద్ధాల ఆటలో ఒక్కో దళానికే ఇరవై మందికి పైగా కావాలి, మొత్తం మీద నూట ఇరవై మంది అనుకోండి. వంద గంటలు. వారానికి రెండు గంటలు కుదిరే మనిషికి దాదాపు ఏడాది. నా రోమన్లు ఎక్కడ ఆగిపోయారో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

15లో డీబీఏ అనే పాత నియమావళి ఉంది. సైన్యానికి 12 బేస్‌లే. బేస్ అంటే బొమ్మల్ని అతికించే చిన్న పలక. ఒక్కో బేస్ 40 మిల్లీమీటర్ల వెడల్పు, దాని మీద ఇద్దరి నుంచి నలుగురు మనుషులు, ఏనుగైతే ఒక్కటే. రోమన్ సైన్యం మొత్తం కలిపినా నలభై రెండు బొమ్మల దగ్గర ఆగుతుంది. మనిషికి పన్నెండు నిమిషాల చొప్పున ఎనిమిదిన్నర గంటలు. రెండడుగుల చదరం బల్ల చాలు, మా ఇంట్లో అయితే డైనింగ్ టేబుల్‌లో సగం.

పన్నెండు నిమిషాల్లో ఏం వేస్తాం అని అనుమానం రావచ్చు. బొమ్మల కొలువుకి పేరంటానికి వచ్చినవాళ్ళు ఎంత దూరం నుంచి చూస్తారో ఆట బల్ల దగ్గర మనం కూడా అంత దూరం నుంచే చూస్తాం. అక్కడి నుంచి కనిపించేవి మూడు: చొక్కా రంగు, డాలు రంగు, ఒంటి రంగు. బెల్టు బకిల్ కనిపించదు. కంటిపాప అసలే కనిపించదు. కొండపల్లి బొమ్మ దూరానికి కూడా ఎందుకంత స్పష్టంగా ఉంటుందో గమనించండి: సాదా గాఢమైన రంగు, పక్కన నల్ల గీత. 15లో ఇదే సూత్రం, ఆ నల్ల గీత పనిని వాష్ అనే పల్చటి ముదురు రంగు పూత చేసిపెడుతుంది.

మా మేనల్లుడు మొదటిసారి నా కార్తేజ్ సైన్యాన్ని చూసి, "మామయ్యా, వీళ్ళకి కళ్ళు లేవేంటి?" అన్నాడు. "నువ్వు నిలబడ్డ చోట నుంచి కనిపిస్తాయా?" అన్నాను. కాసేపు చూసి "కనిపించవు" అని ఒప్పుకున్నాడు. తర్వాత లోపలికి వెళ్ళి తాతగారి భూతద్దం పట్టుకొచ్చాడు. అలాంటి స్నేహితులే మీతో ఆడేవాళ్ళయితే 28 కొనుక్కోండి.

6కి ఒక ప్రత్యేకత ఉంది. ఇక్కడ మనిషికి కాదు, గుంపుకి రంగు వేస్తాం. బాకస్ లాంటి కంపెనీలు నలుగురేసి కాలిబంట్లను ఒకే పట్టీగా పోతపోస్తాయి. పట్టీకి ఏడు నిమిషాలు. రెండు వందల మంది ఆరు గంటల్లోపే అయిపోతారు. నిజంగా సైన్యం కదిలినట్టు కనిపించేది ఈ సైజులోనే. 15లో నలుగురు నిలబడితే అది దళం అని మనం ఒప్పుకోవాలి, 6లో ఒప్పుకోనక్కర్లేదు. ఒకటే జాగ్రత్త: బొమ్మ ఎంత చిన్నదైతే రంగు అంత లేతగా, ప్రకాశంగా ఉండాలి. 28లో బాగున్న ముదురు మెరూన్ 6లో నల్ల మచ్చలా కనబడుతుంది. చత్వారం మొదలైనవాళ్ళు 6 అంటే భయపడతారు గానీ, నాకైతే 28లో ముఖాలు వేసేటప్పుడే కళ్ళు ఎక్కువ లాగుతాయి. 6లో ముఖం అంటే ఒక చుక్క, అంతే.

28 ఎవరికి? ఆట కంటే రంగులు వేయడమే ఇష్టమైనవాళ్ళకి. ఒక్క బొమ్మని చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసుకునే సంతోషం చిన్న సైజుల్లో రాదు, అది ఒప్పుకోవాల్సిందే. అలాంటివాళ్ళు నూట ఇరవై మందిని కాకుండా ముప్పై నలభై మందితో ఆడే చిన్న కొట్లాటల నియమావళి చూసుకుంటే పెట్టె బీరువా ఎక్కదు.

లోహం, ప్లాస్టిక్, ప్రింట్

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 15లో ఎక్కువగా లోహమే. అతికించే పని తక్కువ, అంచుల్లో ఉన్న పోత గీతలు బ్లేడుతో గీకితే చాలు. 28లో విక్ట్రిక్స్ లాంటి కంపెనీల గట్టి ప్లాస్టిక్ బొమ్మలు చాలా అందంగా ఉంటాయి గానీ చేతులు, తలలు, డాళ్ళు విడివిడిగా వస్తాయి. అతికించడానికే మనిషికి ఐదారు నిమిషాలు లెక్కేసుకోండి, ఇందాకటి యాభైలో అది కలపలేదు. జ్వెజ్డా, హాట్ వాళ్ళ 1/72 (అసలు మనిషిలో డెబ్బై రెండో వంతు) మెత్తటి ప్లాస్టిక్ బొమ్మలు అన్నిటికంటే చవక. వీటికి సబ్బు నీళ్ళతో కడగడం తప్పనిసరి. లేకపోతే రంగు పట్టదు, పట్టినా ఈటె వంగినప్పుడల్లా పొరలు పొరలుగా రాలిపోతుంది.

విదేశాల నుంచి తెప్పించేవాళ్ళు ఇంకొకటి చూసుకోవాలి. లోహం బరువు, బరువుని బట్టి పోస్టేజీ, దాని మీద కస్టమ్స్. నలభై బొమ్మల 15 సైన్యం చిన్న ప్యాకెట్టులో వస్తుంది. రెండు వందల 28 లోహపు బొమ్మలు అలా రావు. అందుకే ఇప్పుడు చాలామంది రెజిన్‌తో బొమ్మలు ముద్రించే 3డీ ప్రింటర్ ఉన్న స్నేహితుణ్ణి పట్టుకుంటున్నారు. ప్రింట్లు బాగుంటాయి గానీ సన్నటి ఈటెలు పుల్లల్లా విరుగుతాయి. ఈటెల సైన్యానికి ప్రింట్ వద్దంటాను, ఏనుగులకి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది.

రంగు వేసే పద్ధతి

నాలుగు దారులున్నాయి. నాలుగూ నేను ప్రయత్నించాను, ఒకదాంట్లో చేతులు కాల్చుకున్నాను.

ఛాయల పద్ధతి పాతది. ముదురు రంగు, దాని మీద అసలు రంగు, ఎత్తు భాగాల మీద లేత రంగు. 28కి ఇదే రాజు. 15లో ఇది వృథా శ్రమ, సేనాపతికీ ఏనుగుకీ మాత్రం చేసుకోవచ్చు.

రెండోది సాదా రంగులు వేసి, అంతా ఆరాక పల్చటి గోధుమ రంగు వాష్ ఒక్కసారి పూసేయడం. వాష్ గుంటల్లోకి దిగి నీడలా నిలబడుతుంది. ఆరాక చొక్కా భుజాల మీద, డాలు అంచు మీద అసలు రంగునే మళ్ళీ ఒక్క గీత. నేను 15లో చేసేది ఇదే. ఇందులో ఉన్న సుఖం ఏంటంటే, రంగు కాస్త గీత దాటినా వాష్ ఆ తప్పుని కప్పేస్తుంది.

మూడోది కాంట్రాస్ట్ రంగులు. 2019లో సిటాడెల్ అనే రంగుల కంపెనీ ఈ పేరుతో తెచ్చింది, తర్వాత ఆర్మీ పెయింటర్ వాళ్ళ స్పీడ్‌పెయింట్ వచ్చింది. తెల్లటి లేదా లేత ప్రైమర్ మీద ఒక్క పూత వేస్తే గుంటల్లో ముదురు, ఎత్తుల్లో లేత, రెండూ అవే వచ్చేస్తాయి. గుర్రాలకి, ఒంటి రంగుకి, మడతలున్న బట్టలకి దీన్ని మించింది లేదు. నేను పన్నెండు గుర్రాలు ఒక్క సాయంత్రం టీ చల్లారేలోపు పూర్తి చేశాను. కానీ చదునుగా ఉన్న డాలు మీద వేస్తే రంగు ఒక మూలకి చేరి మరకలా ఆరుతుంది. ఇనుప కవచానికి కూడా పనికిరాదు. అందుకని ఒళ్ళు, బట్ట, గుర్రం కాంట్రాస్ట్‌తో, డాలు, లోహం మామూలు రంగులతో వేసుకుంటే నష్టం లేదు. రెండో దారినీ మూడో దారినీ ఇలా కలపడమే నేను కొత్తవాళ్ళకి చెప్పే మాట.

నాలుగోది ముంచుడు. సాదా రంగులేసిన బొమ్మ మీద గోధుమ రంగు కలిసిన వార్నిష్ దట్టంగా పూసి, పేరుకున్నదాన్ని కుంచెతో లాగేయడం. దీని కోసమే చేసిన డబ్బాలు దొరుకుతాయి. నేను పిసినారితనంతో హార్డ్‌వేర్ షాపులో తలుపులకి వేసే వార్నిష్ కొని, శ్రావణంలో, అదీ సముద్రం పక్క ఊళ్ళో, ఇరవై నాలుగు మంది మీద పూశాను. వారం రోజులు జిగురు పోలేదు. ఫ్యాను కింద పెడితే దుమ్మంతా అంటుకుంది. ముంచుడు చెడ్డ పద్ధతి కాదు, ఎండాకాలంలో చేయాల్సిన పద్ధతి.

వాన సంగతి వచ్చింది కాబట్టి ప్రైమర్ గురించి కూడా. స్ప్రే క్యాన్ పని పది నిమిషాల్లో అయిపోతుంది, కానీ గాలిలో తేమ ఎక్కువైతే పూత ఇసుక చల్లినట్టు గరుకుగా వస్తుంది. ఒంగోలు, కాకినాడ, విశాఖల్లో ఉన్నవాళ్ళు జూన్ నుంచి నవంబర్ దాకా కుంచెతో పూసే ప్రైమర్‌నే నమ్ముకోవడం మంచిది. హైదరాబాద్ వాళ్ళకి అంత టెన్షన్ లేదు. ఇక రంగు: కవచాలు ఎక్కువున్న సైన్యానికి నలుపు, నూలు బట్టలు, ఒట్టి ఒళ్ళు ఎక్కువున్న సైన్యానికి తెలుపు లేదా లేత గోధుమ రంగు. గుర్రాలకి ఎప్పుడూ లేతదే.

రంగుల సీసాల్లో వల్లేయో లాంటి కంపెనీల చిన్న డ్రాపర్ సీసాలు ఆరేడు కొనండి: తెలుపు, నలుపు, ఎరుపు, గోధుమ, చర్మం రంగు, వెండి, ఇత్తడి. స్టేషనరీ షాపుల్లో దొరికే అక్రిలిక్‌లు ముఖాలకి మందం గానీ బేస్‌ల మీద మట్టికి, ఏనుగు ఒంటికి చక్కగా సరిపోతాయి. కుంచెలు కొనేటప్పుడు సున్నా సున్నా సున్నా అని రాసి ఉన్నవాటి జోలికి పోవద్దు. వాటి మొన మీద రంగు బొమ్మని చేరేలోపే ఆరిపోతుంది. మొన సూదిలా నిలబడే 1 నంబరు కుంచె ఒకటి మంచిది కొంటే అన్నిటికీ అదే. బొమ్మల్ని పట్టుకోవడానికి పుల్లైసు పుల్లలు దాచండి. ఒక్కో పుల్ల మీద ఐదుగుర్ని చుక్క ఫెవికాల్‌తో నిలబెట్టి, ఒక రంగు తీశామంటే పుల్లలన్నిటి మీదా ఆ రంగు అయ్యాకే రెండోది తీయాలి. పన్నెండు నిమిషాల లెక్క కుదిరేది ఇలా చేస్తేనే.

ఇప్పుడు సైన్యం

రోమ్ ఎంచుకుంటే పని అంతా ఒకే రకం. గొలుసు కవచానికి నల్ల ప్రైమర్ మీద రంగు దాదాపు తుడిచేసిన పొడి కుంచెతో వెండి రుద్దితే రెండు నిమిషాల్లో అయిపోతుంది. రిపబ్లిక్ కాలపు సైనికులు శిరస్త్రాణం మీద ఊదా లేక నల్ల ఈకలు మూడు, మూర ఎత్తున నిలబెట్టుకునేవారని గ్రీకు చరిత్రకారుడు పాలిబియస్ రాశాడు. నలుపు ఎంచుకోండి, ఒక రంగు తగ్గుతుంది. డాళ్ళకి అందరూ ఎరుపే వేస్తారు. రంగుతో సహా దొరికిన ప్రసిద్ధ రోమన్ డాలు సిరియాలోని డ్యూరా యూరోపోస్‌ది, అది ఎర్రటిదే, కానీ క్రీ.శ. 3వ శతాబ్దానిది. కానే యుద్ధం క్రీ.పూ. 216. కాబట్టి ఒక్కో దళానికి ఒక రంగు డాలు వేసినా మిమ్మల్ని తప్పు పట్టేవాళ్ళు లేరు, పైగా ఆటలో దళాలు గుర్తుపట్టడం సులువు. రోమ్‌తో చిక్కు ఏంటంటే విసుగు. ఇరవై నాలుగో గొలుసు కవచం దగ్గర చెయ్యి దానంతట అదే ఆగుతుంది.

కార్తేజ్ దీనికి పూర్తిగా తిరగేసిన వ్యవహారం. కానేలో హానిబాల్ సైన్యం ఎలా ఉందో పాలిబియస్ చెప్పిందే మనకి రంగుల చార్టు: ఊదా అంచున్న పొట్టి నార చొక్కాల్లో ఐబీరియన్లు (నేటి స్పెయిన్ వైపు వాళ్ళు), ఒంటి మీద బట్ట లేని గాల్ యోధులు, అంతకుముందు యుద్ధాల్లో రోమన్ల దగ్గర పట్టుకున్న ఆయుధాలు వేసుకున్న లిబియన్లు. ప్రతి పుల్లా కొత్త పనే. ఒకే రంగు సీసా పట్టుకుని వరసగా వెళ్ళిపోవడం కుదరదు కాబట్టి బొమ్మకి రెండు మూడు నిమిషాలు ఎక్కువ పడుతుంది, కానీ రేపు ఏం వేయాలి అన్న ఉత్సాహం చివరిదాకా ఉంటుంది. ఉత్తర ఆఫ్రికాకి చెందిన న్యుమిడియన్ రౌతులైతే బహుమతి లాంటివాళ్ళు. జీను లేదు, కళ్ళెం లేదు, ఒక చొక్కా, చిన్న డాలు, నాలుగు బల్లేలు. నా రెండు నెలల ఆదివారాలు ఇట్టే గడిచాయంటే ఈ వైవిధ్యమే కారణం.

అలెగ్జాండర్ సొంత రాజ్యం మాసిడోనియా గురించి హెచ్చరిక మాత్రమే. సారిస్సా అనే ఆ బల్లెం దాదాపు ఐదున్నర మీటర్లు, 15లో ఐదు సెంటీమీటర్లు. మెత్తటి లోహపు బల్లేలు చెయ్యి తగిలితే వంగుతాయి, సన్న స్టీలు తీగలు పెడితే మన వేళ్ళలో దిగుతాయి. అయినా అలెగ్జాండర్ మీద మోజుంటే ఇస్తాంబుల్‌లో ఉన్న 'అలెగ్జాండర్ శవపేటిక' అని పేరుపడ్డ పేటిక (ఆయనది కాదు) ఫోటోలు వెతకండి. 1887లో సిడాన్‌లో బయటపడిన ఆ రాతి పేటిక మీద పాత రంగుల ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. పర్షియన్ల పంట్లాలు ఎంత రంగురంగులుగా ఉండేవో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

నాలుగోది మన భారత సైన్యం. ఇక్కడ మన కళ్ళకి ఉన్న సౌలభ్యం ఇంకెవరికీ లేదు. విదేశీ గైడ్లలో ఏనుగంటే నీలం కలిసిన బూడిద రంగు. గుడి ఏనుగుని దగ్గర్నుంచి చూసినవాళ్ళకి తెలుసు, అది గోధుమ కలిసిన బూడిద, చెవుల అంచుల మీద, తొండం మొదట్లో గులాబీ చుక్కలు ఉంటాయి. ముదురు గోధుమ మీద బూడిద పొడి కుంచెతో రుద్ది, చెవికి పల్చటి గులాబీ చుక్కలు పెట్టి చూడండి. ఒక్కసారిగా ప్రాణం వస్తుంది. అలాగే "ఫ్లెష్" అని రాసి ఉన్న సీసాలో ఉండేది ఐరోపా గులాబీ రంగు. అందులో గోధుమ సగం, కాస్త పసుపు కలిపితే గానీ మన ఒంటి రంగు రాదు. ఒక్కో బేస్ మీద రెండు మూడు ఛాయలు కలపండి, ఒకే చాయ ఉన్న సైన్యం మన దేశంలో ఎప్పుడుంది?

తెల్ల నూలు బట్ట అసలు పరీక్ష. సీసాలోంచి తీసిన తెలుపు సున్నం కొట్టినట్టు ఉంటుంది. కోరా గుడ్డ రంగు వేసి, మడతల్లో గోధుమ వాష్ పెట్టి, పైన మాత్రమే తెలుపు వేస్తే యుద్ధంలో ఉన్న మనిషి బట్ట అవుతుంది. నీడకి నీలం వాడితే నీలిమందు పెట్టి ఉతికిన పంచెలా పెళ్ళికి వెళ్తున్నట్టు కనిపిస్తాడు. సేనాపతికి అది బాగుంటుంది.

ఆధారాలకీ కొదవ లేదు. అలెగ్జాండర్ నౌకాదళాధిపతి నియార్కస్ చెప్పాడంటూ గ్రీకు చరిత్రకారుడు ఆరియన్ రాసిన దాని ప్రకారం మన విలుకాళ్ళ విల్లు మనిషంత ఎత్తు, నేల మీద ఆనించి ఎడమ కాలితో తొక్కి పట్టి లాగేవారు. గడ్డాలకి తెలుపు, ముదురు నీలం, ఎరుపు, ఊదా, ఆకుపచ్చ రంగులు వేసుకునేవారట. రంగులు వేసేవాడికి ఇంతకంటే ఏం కావాలి? క్రీ.పూ. 326లో పురుషోత్తముడి దగ్గర 200 ఏనుగులు, 300 రథాలు, 30,000 కాల్బలం, 4,000 రౌతులు ఉన్నట్టు ఆరియన్ లెక్క. రథానికి నాలుగు గుర్రాలు, ఆరుగురు మనుషులు అని రోమన్ చరిత్రకారుడు కర్టియస్ అంటాడు. వానకి ఆ రథాలు బురదలో దిగబడ్డాయి కాబట్టి చక్రాలకి సగం దాకా ముదురు గోధుమ పూసేయండి. చరిత్రకి చరిత్ర, చక్రపు ఆకుల మధ్య దొర్లిన తప్పులు కూడా దాగిపోతాయి. కానీ ఒక్క రథానికి నాకు గంటన్నర పట్టింది. మొదటి సైన్యంలో రెండుకి మించి పెట్టుకోవద్దు.

శాతవాహనుల కాలం కావాలనుకునేవాళ్ళు అమరావతి, నాగార్జునకొండ మ్యూజియంలకి, కుదిరితే చెన్నై ఎగ్మోర్‌కి ఒక రోజు కేటాయించండి. తలపాగా ముడి ఏ వైపు ఉంది, ఏనుగు మీద తాళ్ళు ఎలా కట్టారు, మెడలో ఏముంది, అన్నీ ఆ సున్నపురాతి పలకల మీద ఉన్నాయి. రంగులకి అజంతా. 17వ గుహలో సింహళ దండయాత్ర చిత్రం కాస్త తర్వాతి కాలానిదే అయినా ఏనుగుల మీద సైనికులు ఎలా ఉన్నారో చూపిస్తుంది. ఆంధ్రుల రాజుకి లక్ష కాల్బలం, 2,000 గుర్రాలు, 1,000 ఏనుగులు, కోటగోడలున్న ముప్పై నగరాలు ఉన్నాయని రోమన్ రచయిత ప్లినీ రాసుకున్నాడు. సైన్యం సైజుకి గుర్రాలు తక్కువ, ఏనుగులు మాత్రం గుర్రాల్లో సగం. రంగులు వేసేవాడి వైపు నుంచి చూస్తే ఇది చాలా దయగల సైన్యం.

కాబట్టి మొదటి సైన్యం అయితే: తీరిక తక్కువ, త్వరగా ఆడాలి అంటే 15లో రోమ్. విసుగు త్వరగా వచ్చే మనిషైతే 15లో కార్తేజ్. ఇద్దరు స్నేహితులు కలిసి మొదలుపెడితే ఈ రెండూ చెరొకటి, ఎదురెదురుగా ఆడుకోవచ్చు. రంగుల మీద ప్రేమ ఉండి, ఏనుగులంటే చిన్నప్పటి నుంచి పిచ్చి ఉంటే భారత సైన్యం, రథాలు తగ్గించి.

వార్నిష్ మాట మర్చిపోయేవాణ్ణి. ఆటలో బొమ్మల్ని వేళ్ళతో తీస్తాం కాబట్టి వార్నిష్ లేకపోతే ఆరు నెలల్లో డాళ్ళ అంచులు, ఈటె మొనలు తెల్లబడతాయి. మెరుపు లేని మ్యాట్ స్ప్రే అందంగా ఉంటుంది గానీ తేమ రోజున కొడితే బొమ్మల మీద మంచు పట్టినట్టు తెల్లటి పొర వస్తుంది. నా న్యుమిడియన్లకి అదే జరిగింది. మెరుపున్న వార్నిష్ కుంచెతో పూస్తే ఆ తెలుపు చాలావరకు పోయింది, ఎండ కాసిన రోజు చూసి మళ్ళీ మ్యాట్ కొట్టాను. మొత్తం సైన్యం మీద కొట్టే ముందు ఒక పుల్ల మీద ఉన్న ఐదుగుర్ని మాత్రం బయట పెట్టి, అరగంట ఆగి చూడండి.